సగటు నిజం

మా నాగులేరుపాడు మున్సిపాలిటీలో నా ఉద్యోగం టీవీ చూడటం. నవ్వకండి. దానికి సర్కారు ఉత్తర్వుంది, సీలుంది, నా కుర్చీ వెనక గోడకి ‘వార్తా సగటు విభాగం’ అని బోర్డు కూడా ఉంది. నా పేరు పాండురంగం, హోదా జూనియర్ అసిస్టెంటు. నా బల్ల మీద రెండు టీవీలుంటాయి. ఎడమ దాంట్లో పూలబాట చానెల్, కుడి దాంట్లో నిప్పురవ్వ చానెల్. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా రెండూ చూసి, ఊళ్లో ఏం జరిగిందో సగటు తీసి కమిషనరు గారికి అందజేయాలి.

పూలబాట కుర్చీలో ఉన్నవాళ్ల చానెల్. నిప్పురవ్వ కుర్చీ కోసం కాచుకున్నవాళ్ల చానెల్. ఈ సంగతి ఊళ్లో చంటిపిల్లలక్కూడా తెలుసు. మావాళ్లు టీ కొట్టునీ, క్షవరం కొట్టునీ అక్కడ ఏ చానెల్ నడుస్తుందో చూసి ఎంచుకుంటారు. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు పిల్లని చూసేలోపే టీవీ వైపు ఓరగా చూసి, కాఫీ తాగాలా వద్దా తేల్చుకుంటారు. మా మామ నన్ను చూడటానికి వచ్చినప్పుడూ అంతే చేశాడు. ఆ రోజు మా ఇంట్లో టీవీ చెడిపోయి ఉండబట్టి సంబంధం కుదిరింది.

పూర్వం ఈ సగట్లూ అవీ లేవు. రోడ్డు మీద గుంట ఉందంటే ఎవరో ఒక ఉద్యోగి వెళ్లి చూసి, ఉందని రాసేవాడు. ఉందని రాసినవాడు నిప్పురవ్వ మనిషని పూలబాట వాళ్లూ, లేదని రాసినవాడు పూలబాట మనిషని నిప్పురవ్వ వాళ్లూ పైకి ఫిర్యాదులు పంపేవాళ్లు. ఆ గోల భరించలేక పైవాళ్లు ఒక ఉత్తర్వు తీశారు. మా కమిషనరు విద్యాధరం గారు సిబ్బందినంతా వరండాలో నిలబెట్టి దాన్ని చదివి వినిపించారు.

“ప్రత్యక్ష పరిశీలన యందు పరిశీలకుడు తాను నిలుచున్న వైపు నుండి మాత్రమే చూచును గావున, అట్టి చూపు పక్షపాతముతో కూడినదని భావించవలసి ఉన్నది. కనుక ఇకమీదట ఏ ఉద్యోగియు సంఘటనా స్థలమునకు స్వయముగా వెళ్లరాదు, వెళ్లినను చూడరాదు, చూచినను నమోదు చేయరాదు. ఉభయ ప్రసార మాధ్యమముల కథనములకు సగటు తీసి, వచ్చినదానినే వాస్తవముగా పరిగణించవలెను.”

చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “ఇక మనమీద ఎవడూ వేలెత్తి చూపలేడయ్యా,” అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేను కాస్త గట్టిగా కొట్టాననుకుంటాను, ఆ సీటు నాకిచ్చారు.

కొన్నాళ్లు హాయిగానే గడిచింది. పార్కులో నలభై దీపాలూ వెలుగుతున్నాయని ఒకరంటే, ఒక్కటీ వెలగడం లేదని ఇంకొకరన్నారు. ఇరవై వెలుగుతున్నాయని రాశాను. మంత్రిగారి సభకి లక్షమంది వచ్చారని ఒకరు, కుర్చీలు మాత్రమే వచ్చాయని ఇంకొకరు. దానికీ ఒక అంకె వేశాను. ఏ అంకె వేసినా ఎవరికీ ముల్లు గుచ్చుకోలేదు. ఉద్యోగమంటే ఇలా ఉండాలి అనుకున్నాను, చెప్పొద్దూ.

ఆ తర్వాత మా వీధి చివర, మురుగు కాలువ పక్కన, మంచినీళ్ల గొట్టం పగిలింది.

నేను ఇల్లరికపు అల్లుణ్ణి. మా మామ వీరభద్రం జిన్నింగు మిల్లులో మేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. పక్కిల్లు మున్సిపల్ ఫిట్టర్ ఖాసింవలిది. రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ, ఒకటే కుళాయి. ముప్ఫై ఏళ్లుగా ఆ ఇంట్లో సేమ్యా ఈ ఇంటికీ, ఈ ఇంట్లో గోంగూర పచ్చడి ఆ ఇంటికీ వెళ్తూనే ఉన్నాయి. కాకపోతే మామ పూలబాట తప్ప చూడడు, ఖాసింవలి నిప్పురవ్వ తప్ప చూడడు. సాయంత్రం ఏడయ్యేసరికి ఆయన సౌండు పెంచుతాడు, ఈయన ఇంకాస్త పెంచుతాడు. ఆఫీసులో రెండు చానెళ్లు విని ఇంటికొస్తే, గోడకి చెరోవైపు నుంచీ మళ్లీ అవే రెండూ.

ఖాసింవలి పొద్దున్నే ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

“గుమస్తా గారూ, గొట్టం జానెడు పగిలింది. కాలవలో మురుగంతా లోపలికి పోతంది. నాలుగు బోల్టుల క్లాంపు వేస్తే అరగంట పని. కాయితం ఇప్పించండి.”

“నువ్వు చూశావా?”

“ఇప్పుడే చూసొస్తన్నా.”

“అదే తప్పు. కూర్చో, టీవీ చూద్దాం.”

పూలబాటలో పొడిగా ఉన్న వీధి ఒకటి చూపించి, గొట్టం నిక్షేపంగా ఉందనీ, కాలువ పక్కన కనిపించిన తడి ప్రజలు అభిమానం పట్టలేక నాయకుల ఫొటోలకు చేసిన జలాభిషేకమనీ చెప్పారు. నిప్పురవ్వలో గొట్టం తునాతునకలై ఊరు మునిగిపోయిందని చెప్పి, ఎక్కడిదో సముద్రాన్ని చూపించారు. కమిషనరు గారు కాసేపు పెన్సిలు నమిలి తీర్పు చెప్పారు.

“ఒకరు పగల్లేదన్నారు, ఒకరు పూర్తిగా పగిలిందన్నారు. అనగా సగం పగిలినట్టు నిర్ధారణ అయినది. సగం పగిలినదానికి సగం మరమ్మతే నిబంధనలకు అనుగుణం. క్లాంపుకి బోల్టులెన్నోయ్?”

“నాలుగండి.”

“రెండు బిగించు.”

ఖాసింవలి నోరు తెరిచాడు. “రెండు బోల్టులకి క్లాంపు యాడ ఆగుద్ది సార్? చొక్కాకి పై గుండీలు పెట్టుకొని కింద వదిలేసినట్టుంటది.”

“నువ్వు ఏ చానెల్ చూస్తావు?”

“నిప్పురవ్వండి.”

“అయితే నీ అభిప్రాయంలో సగమే పరిగణనలోకి తీసుకుంటాం. వెళ్లిరా.”

పాపం, వెళ్లి రెండు బిగించి వచ్చాడు. మిగతా రెంటికీ చిల్లులు అలాగే ఉన్నాయి. నీళ్లు సగం కారుతూ, మురుగు సగం లోపలికి పోతూ, అంతా ఉత్తర్వు ప్రకారమే జరిగింది.

నాలుగు రోజులకి ఊళ్లో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. సర్కారు ఆస్పత్రి డాక్టరమ్మ నళినీబాల గారు తెల్లకోటుతోనే కమిషనరు గదిలోకి దూసుకొచ్చారు.

“నా దగ్గర అరవై ముగ్గురున్నారు సార్. ఆ నీళ్లు ఆపండి ముందు.”

“అరవై ముగ్గురని ఎలా చెబుతున్నారు?”

“లెక్కపెట్టాను.”

“స్వయంగానా?” కమిషనరు గారు జాలిగా చూశారు. “చదువుకున్నవారు, మీరు కూడా ఇలా చేస్తే ఎలా డాక్టర్ గారూ? పాండురంగం, మనకెంతొచ్చింది?”

నిప్పురవ్వలో ఎనిమిది వందలన్నారు. పూలబాటలో సున్నా. “నాలుగు వందలండి,” అన్నాను. నాలుగు వందల మందికి జిల్లా నుంచి లారీలో సెలైన్ బాటిళ్లు దిగాయి. డాక్టరమ్మ మొహంలో వెలుగు చూసి, సగటువల్ల ఒక్కోసారి మేలు కూడా జరుగుతుందని సంబరపడ్డాను. బాటిళ్లు తెరవకముందే పూలబాట ఇంకో కథనం వేసింది. నాగులేరుపాడు కుళాయి నీళ్లు తాగి వెయ్యిమందికి మోకాళ్ల నొప్పులూ, చక్కెర వ్యాధీ తగ్గాయట. ఒకాయన కెమెరా ముందు గంతులు వేసి చూపించాడు కూడా.

తగ్గినవాళ్లని ఎలా లెక్కగట్టాలో నాకు పాలుపోలేదు. కమిషనరు గారు క్షణంలో తేల్చేశారు. “జబ్బుపడినవాడు ఒకటైతే, జబ్బు తగ్గినవాడు మైనస్ ఒకటి. ఎనిమిది వందలు, మైనస్ వెయ్యి. కలిపి సగం చెయ్యి.”

మైనస్ వంద వచ్చింది.

“అంటే ఊళ్లో రోగులు లేకపోవడమే కాదు, ఇంకా వందమంది తక్కువగా ఉన్నారు,” అన్నారాయన ఉత్సాహంగా. “ఆ బాటిళ్లు వెనక్కి పంపించెయ్యండి.”

డాక్టరమ్మ బల్ల ముందుకి జరిగింది. “మైనస్ వందమంది రోగుల్ని నేనెక్కడ పడుకోబెట్టను సార్?”

“పడుకోబెట్టనక్కర్లేదమ్మా. ఇకమీదట జబ్బుపడే మొదటి వందమందినీ లెక్కలోకి తీసుకోకండి. ఆ తర్వాత వచ్చినవాళ్లకి వైద్యం మొదలుపెట్టొచ్చు.”

ఆ సాయంత్రమే బాటిళ్లు మళ్లీ లారీ ఎక్కాయి. ఆవిడ చేతిలో ఉప్పూ పంచదారా కలిపిన ఓఆర్ఎస్ పొట్లాలు మాత్రం మిగిలాయి. అవి ఆవిడ కిందటేడు దాచుకున్నవి, ఏ లెక్కలోనూ లేవు. తలా పది పొట్లాలిచ్చి, గంటగంటకీ కలుపుకుని తాగండి, ప్రాణం నిలబడుతుంది అని చెప్పి పంపింది.

మర్నాడు సాయంత్రం ఇంటికెళ్లేసరికి మా మామ పడక్కుర్చీలో వేలాడుతున్నాడు. కళ్లు లోపలికి పోయాయి, నాలుక పిడచకట్టింది.

“పొద్దుట్నించీ పద్దెనిమిది సార్లు వెళ్లారండీ,” అంది మా ఆవిడ కస్తూరి, ఏడుపు దిగమింగుకుంటూ.

“ఊరికే నడకకి పోయొచ్చానే,” అన్నాడు మామ.

నేను డాక్టరమ్మ ఇచ్చిన పొట్లం చింపి గ్లాసులో కలిపి ఇచ్చాను. మొహం అటు తిప్పుకున్నాడు.

“ఏందల్లుడూ అది?”

“విరేచనాలకి మామయ్యా. తాగండి.”

“విరేచనాలు యాడున్నయ్యి ఊళ్లో? మన దాంట్లో లేవని పొద్దుట్నించీ చెప్తానే ఉన్నారుగా. అది తాగితే ఉన్నట్టు ఒప్పుకున్నట్టు కాదా? ఆ నిప్పురవ్వోళ్లకి అలుసైపోమా?”

“నాన్నా, నీ కాళ్లు పట్టుకుంటా,” అని కస్తూరి నిజంగానే కాళ్లు పట్టుకుంది. కాళ్లు చల్లగా ఉన్నాయని నా వైపు చూసింది. ఆయన మాత్రం పళ్లు బిగించుకుని టీవీకేసి చూస్తున్నాడు. గోడకి అవతల ఖాసింవలికీ అదే జబ్బు. కానీ వాళ్ల చానెల్లో జబ్బుందన్నారు కాబట్టి ఆయన గంటకో గ్లాసు శుభ్రంగా తాగుతూ కాస్త తేరుకుంటున్నాడు.

నాకు భయమేసింది. మామంటే నాకు ప్రేమేమీ పొంగిపొర్లదు గానీ, కస్తూరి మొహం చూడలేకపోయాను. డాక్టరు చెప్పినా, కూతురు ఏడ్చినా వినని మనిషి ఎవరి మాట వింటాడో నాకు తెలుసు. సైకిలేసుకుని పూలబాట విలేకరి ఉత్తేజ్ దగ్గరికి పోయాను.

“జబ్బని మాత్రం నా నోటితో అనను,” అన్నాడు వినీ వినకముందే.

“అనొద్దయ్యా. ఆ పొట్లాలు నాయకుల కానుకని చెప్పు. ఆరోగ్యవంతులు మాత్రమే తాగాల్సిన బలవర్ధక పానీయమని చెప్పు. నీకేం పోయింది?”

అతని కళ్లు మెరిశాయి. ఏడింటి వార్తల్లో వచ్చేసింది. ‘నాగులేరుపాడుకి మహదానంద జలం! గంటకో గ్లాసు తాగితే నవయౌవనం!’ మామ తల ఎత్తాడు.

“అమ్మాయ్! అదేదో కానుకంట! మనింటికి రాలేదా?”

కస్తూరి పరుగెత్తుకెళ్లి అదే గ్లాసు తెచ్చింది. గుక్క తిప్పుకోకుండా మూడు గ్లాసులు తాగి, “ఆహా, ఏమి రుచి! ఇందాక అల్లుడిచ్చిన ఆ చెత్త తాగుంటే పోయేవాణ్ణి,” అన్నాడు. తెల్లారేసరికి లేచి కూర్చున్నాడు. నా తెలివికి నేనే మురిసిపోయి, ఆఫీసుకి ఈలవేసుకుంటూ వెళ్లాను.

పది గంటలకి కుడి టీవీ అందుకుంది. ‘కానుక పేరుతో విషం! ఓటర్లకు జ్ఞాపకశక్తి పోగొట్టే పొడి! పొట్లాలు ముట్టుకోవద్దు!’ సెలవు చీటీ కూడా రాయకుండా ఇంటికి పరుగెత్తాను. నేను వెళ్లేసరికి ఖాసింవలి పొట్లాలన్నీ గుమ్మం ముందు కాలువలో పారబోస్తున్నాడు.

“వలీ భాయ్, ఏం చేస్తున్నావు? రెండ్రోజులుగా నువ్వు తాగేది అదే కదా! దానివల్లే కదా లేచి తిరుగుతున్నావు!”

“నిన్నటిదాకా అది మందు. నిన్న వాళ్ల టీవీలో చెప్పాక ఏం కలిపారో ఎవడికి తెలుసు?”

“ఎవరూ ఏమీ కలపలేదు. ఆ వార్త నేనే చెప్పించాను, మా మామతో తాగించడానికి. ఒట్టు!”

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

“అంటే మీరూ వాళ్ల మనిషేనన్నమాట,” అన్నాడు నెమ్మదిగా. “మిమ్మల్ని మంచోడనుకున్నా గుమస్తా గారూ.”

ఆయన భార్య జైనాబీ బతిమాలింది, నేను బతిమాలాను, డాక్టరమ్మ వచ్చి బతిమాలింది. రాత్రికి జబ్బు తిరగబెట్టింది, సెలైన్ పెడదామంటే బాటిలు లేదు. మర్నాడు మధ్యాహ్నం ఖాసింవలి పోయాడు. నాలుగు బోల్టులు బిగించాలని చెప్పిన ఒకే ఒక్క మనిషి పోయాడు. ఒకణ్ణి బతికించుకోబోయి ఇంకొకణ్ణి చంపుకున్నాను. మిగతా తప్పులన్నీ ఎవరివైనా కానీయండి, ఇది మాత్రం నాదే.

మూడో రోజు జైనాబీ మరణ ధ్రువీకరణ పత్రం కోసం ఆఫీసుకొచ్చింది. నిప్పురవ్వలో ఖాసింవలిని విషమిచ్చి చంపారని చెప్పారు. పూలబాటలో ఆయన కూతురి ఊళ్లో బిర్యానీ తింటూ కులాసాగా ఉన్నాడని చెప్పి, గడ్డమున్న ఎవరినో వెనక నుంచి చూపించారు. నేను తల దించుకుని కాగితం కమిషనరు గారి ముందు పెట్టాను.

“ఒకరు పోయాడన్నారు, ఒకరు ఉన్నాడన్నారు. సగం మరణం,” అన్నారాయన. “దానికి మన దగ్గర ఫారం లేదే! ‘తీవ్ర అస్వస్థత’ అని రాసివ్వు.”

“సార్, ఆయన జనాజా నేను మోశాను,” అన్నాను.

“ఏ చానెల్ తరఫున?”

జైనాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. సాయంత్రం నేను ఇంటికి వెళ్లేసరికి అదే కుళాయి దగ్గర ఆవిడ బిందె పెట్టి ఉంది. వెనక కస్తూరి బిందె పట్టుకుని వంతు కోసం నిలబడింది. ఆ నీళ్లు కాస్త పసుపు రంగులో ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండిందో చెప్పలేను, నా మీదే ఎక్కువ మండి ఉంటుంది.

“అమ్మా, భాయ్ పానా ఇస్తావా?” అని జైనాబీని అడిగాను.

ఆవిడ లోపలికెళ్లి పనిముట్ల సంచీ మొత్తం తెచ్చి ఇచ్చింది. మర్నాడు పట్టపగలు, నడి మధ్యాహ్నం, నలుగురూ చూస్తుండగా, పంచె ఎగ్గట్టి గొట్టం ఉన్న గుంటలో దిగాను. మోకాలి లోతు మురుగు. బోల్టులు బిగించడం నాకు చేతనవునా పాడా? ఒకటి బిగిస్తే ఇంకోటి జారింది. వేళ్లు కొట్టుకుపోయి రక్తాలు కారాయి. అరగంట పని నాకు మూడు గంటలు పట్టింది. చివరికి మిగిలిన రెండు బోల్టులూ బిగిశాయి. కారడం ఆగింది. గుంటలోంచి తల ఎత్తేసరికి, ఇటు ఒక కెమెరా, అటు ఒక కెమెరా.

మర్నాడు పదింటికి కమిషనరు గారే నా గదికొచ్చారు. మొహం పండగలా ఉంది. రెండు టీవీల ముందూ నన్ను కూర్చోబెట్టి సౌండు పెంచారు.

పూలబాట: ‘చెక్కుచెదరని గొట్టాన్ని పట్టపగలు పాడుచేసిన ఉద్యోగి!’

నిప్పురవ్వ: ‘పగిలిన గొట్టం సాక్ష్యాన్ని పట్టపగలు మాయం చేసిన ఉద్యోగి!’

రెండింట్లోనూ నేనే. రెండింట్లోనూ నా మొహం చుట్టూ ఎర్రటి గుండ్రం.

“చూశావా పాండురంగం!” కమిషనరు గారు నా వీపు తట్టారు. “నువ్వు నేరస్థుడివని ఇద్దరూ ఒప్పుకున్నారు. మన విభాగం పెట్టాక సగటు తీయనక్కర్లేని నిజం దొరకడం ఇదే మొదటిసారి! అన్నట్టు, నువ్వు సస్పెండయ్యావు. సంఘటనా స్థలమునకు స్వయముగా వెళ్లుట, చూచుట, పైపెచ్చు తాకుట. మూడు నేరాలు.” చేయి కలిపి, ఉత్తర్వు నా చేతిలో పెట్టారు.

నేను చేతికి గుడ్డ కట్టుకుని వారం రోజులు ఇంట్లోనే ఉన్నాను. ఆ వారంలో వీధిలో కొత్తగా ఎవరికీ జబ్బు చేయలేదు. ఆస్పత్రిలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకెళ్లారు. ఇది నేను నా కళ్లతో చూసి చెబుతున్నాను కాబట్టి, మీరు నమ్మాలని రూలేమీ లేదు.

మామ బాగా కోలుకున్నాడు. పడక్కుర్చీలో కూర్చుని పూలబాటలో నా మీద చర్చ చూస్తున్నాడు. నలుగురు పెద్దమనుషులు నన్ను ఉరి తీయాలా, యావజ్జీవం వేయాలా అని కొట్టుకుంటున్నారు. నేను పక్కనే అరుగు మీద ఉన్నాననే ధ్యాస కూడా ఆయనకి లేదు.

“ఇట్టాంటోడికి పిల్లనిచ్చానే, నా ఖర్మ!” అన్నాడు కస్తూరితో. “నిక్షేపంలాంటి గొట్టం! ఊరి నోట్లో మట్టి కొట్టాడు కదే! ఇంకేం తాగుతాం, ఇంకేం బతుకుతాం?”

అని గొంతు ఆరిపోయి, కస్తూరి అప్పుడే కుళాయి నుంచి పట్టి తెచ్చిన గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు. మూతి తుడుచుకుని, ఇంకో గ్లాసు తెమ్మన్నాడు.